అద్దాల పెట్టెకు చల్లదనం

మొన్న పొద్దున్న మా ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది. చుట్టూ పువ్వుల బొమ్మలు, కింద దీపం బొమ్మ. విజయనగరంలో గుండెపోటుతో పోయాడట. నేను టీ తాగి గ్లాసు కడిగేలోపు గ్రూపు నిండా దణ్ణాలే. ఒకరు "బంగారం లాంటి మనిషి" అని రాశారు. ఇంకొకరు "చీమకైనా హాని తలపెట్టని మనిషి" అన్నారు. నేను ఫోను బోర్లా పెట్టి బియ్యం ఏరుకుంటూ కూచున్నాను. మా ఆయన చూసి, "నువ్వూ ఓ దణ్ణం పెట్టేత్తే పోద్ది కదా, చేతులేటి అరిగిపోతాయా?" అన్నాడు. పెట్టలేదు. పోయినవాళ్లను గురించి చెడుగా మాట్లాడకూడదంటారు. ఎందుకు మాట్లాడకూడదో మాత్రం నాకింతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆయన మా ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు. నేను అక్కడే ఏఎన్ఎంని, కొండ ఊళ్లు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే మనిషిని. ముంచింగిపుట్టు దాటాక ఒడిశా వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది మా ఆసుపత్రి. మైదానం నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు జీపు దిగింది మొదలు వెనక్కి వెళ్లే దారి వెతుక్కుంటారు. ఆయన అలా కాదు. దిగీ దిగగానే చేతులు బారజాపి, గుండెలనిండా గాలి పీల్చి, "అబ్బ, ఇక్కడ నా మిషన్‌కి ఏసీ అక్కర్లేదు" అన్నాడు. ఆ మిషన్ ఏమిటో సామాను విప్పాక తెలిసింది. ఆటలాడుకునే కంప్యూటరు. నడివయసు మనిషి, కళ్లజోడు, ముందుకొచ్చిన పొట్ట. రోజూ తుపాకీ పట్టుకుని తెర మీద పరిగెడతాడంటే మొదట్లో మేమెవరం నమ్మలేదు.

చొక్కా జేబులో పెన్ను పక్కనే చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. నవ్వితే పొట్ట ముందు కదిలేది, తర్వాత నవ్వు వినబడేది. మందుల గదిలో ఫ్యాను కింద కూచునేవాడు కాదు. కిటికీకీ తలుపుకీ మధ్య, గాలి పోయే దారిలో కుర్చీ వేసుకునేవాడు. అడిగితే చాలు, పాఠం మొదలు. "గాలి వొచ్చే దారొకటుండాల, పోయే దారొకటుండాల సిస్టరమ్మా. రెండోది లేకపోతే మొదటిది ఉండీ లేనట్టే." దగ్గుమందు కోసం వచ్చిన ముసలాయన కూడా ఈ పాఠం విని, ఏదో పథ్యం చెబుతున్నాడనుకుని బుద్ధిగా తలూపి వెళ్లేవాడు.

అరకులో లాడ్జి ఓనరు కొడుకు దగ్గర్నుంచి పాడేరులో బ్యాంకు గుమాస్తా దాకా, కంప్యూటరుకి కొత్త భాగం ఏది కొన్నా ముందు ఈయనకు ఫోను చేసేవాళ్లు. ఆయన చెప్పేది సరిగ్గానే ఉండేది, కాదనను. సంతలో ఒకసారి చూశాను. పసుపు కుప్పల పక్కన, ఆశ్రమ పాఠశాల మాస్టారొకాయన ఎదురై, కంప్యూటరు ఆటలకని పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొందామనుకుంటున్నానన్నాడు. అంతే, ఈయన గొంతుక్కూచుని, చీపురుపుల్లతో మట్టిలో పెట్టె బొమ్మ గీశాడు. ముందు నుంచి లోపలికి బాణం, వెనక నుంచి బయటికి బాణం. "కార్డు తరవాత కొందురు గాని మాస్టారూ. ముందు మీ పెట్టెలో అది పడతాదా లేదా కొలవండి. కరెంటిచ్చే డబ్బా దాన్ని మొయ్యగలదా చూడండి. ముందు గాలి, తరవాత బలం." చుట్టూ సంతకొచ్చిన జనం మూగారు. పశువుల బేరగాడొకడు ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఇల్లు కడతన్నారేటి బాబూ?" అని అడిగాడు. ఆయన పొట్ట కదిలింది, తర్వాత నవ్వు వినబడింది.

ఆ 'ముందు గాలి, తరవాత బలం' అనే మాట ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. చెప్పించుకున్నవాళ్ల కంప్యూటర్లు ఇప్పటికీ చల్లగా నడుస్తూనే ఉండి ఉంటాయి.

ఆసుపత్రి సామాను ఆయన చేతిలో కొత్త కొత్త పనులకు వచ్చేది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడి లాగే పాత పేస్టును తుడవడానికి సర్జికల్ స్పిరిట్టు, దూది. కొత్త పేస్టును పల్చగా రాయడానికి, పిల్లల నాలుక నొక్కి గొంతు చూసే చెక్కపుల్ల. గాజుగుడ్డ పీలికను ఫ్యాను ముందు వేలాడదీసి, అది ఎటు ఊగితే అటు గాలి పోతోందని చూపించేవాడు. మా అందరినీ క్వార్టర్సుకు పిలిచి మరీ చూపించాడు. మేం నవ్వాం, డాక్టరుగారూ నవ్వాడు. కాస్త దూది, కాస్త స్పిరిట్టు, ఎవరికి లోటు?

మంచివాడు కాడా అంటే, మంచివాడే. ఇది చెప్పకపోతే కక్షతో రాసిందంటారు. మా నాన్నకు చింతపల్లిలో ఒంట్లో బాగోలేదని కబురొస్తే, జీపు దొరక్క నేను రోడ్డు మీద నిలబడి ఏడుస్తుంటే, తన మోటారు సైకిలు మీద ఘాటీ దారంతా దాటించి తీసుకెళ్లాడు. దారిపొడుగునా నాకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు. మంచం పక్కన కూచుని మా నాన్న కాళ్లు పట్టాడు. ఇదంతా నిజం. నా బరువైన సంచి చూసి, "నువ్వు కొండ మనిషివి, నీకు నడకేటి కష్టమమ్మా!" అని నవ్వుతూ అన్నదీ ఆయనే. అదీ నిజమే. కొండమీద పుట్టినవాళ్లకు కాళ్లు నొప్పి పుట్టవని మైదానం వాళ్లకు ఎవరు చెప్పారో, చెప్పినవాళ్లు దొరికితే ఒకసారి మా దారంట నడిపించాలని ఉంది.

ఒక వేసవిలో సెలవు మీద విశాఖపట్నం వెళ్లి కొత్త గ్రాఫిక్స్ కార్డూ, దాని కోసం కొత్త క్యాబినెట్టూ తెచ్చుకున్నాడు. ఘాటీ రోడ్డంతా ఆ క్యాబినెట్టును ఒళ్లో పెట్టుకునే కూచున్నాడట. విప్పితే మా కళ్లు చెదిరాయి. ముందూ పక్కా అద్దాలు. లోపల ఫ్యాన్లకు రంగురంగుల దీపాలు, ఎరుపు మెల్లగా నీలమవుతుంది, నీలం పచ్చనవుతుంది. దేవుడి గదిలా ఉంది. నాకు మాత్రం ఆయన పాఠమే గుర్తొచ్చి, "ముందంతా అద్దమే కదా సార్, మరి గాలి ఎటునుంచి వెళ్తాది?" అని అడిగాను. ఆయన ముఖం ఒక్కక్షణం చిన్నబోయింది. "పక్క సందుల్లోంచి పోతాదిలే అమ్మా" అన్నాడు.

పోలేదు. ఆ ఏడు మా కొండల్లో కూడా ఎండలు మాడ్చేశాయి. ఆయన ఆట మొదలుపెడితే ఫ్యాన్ల హోరు మా ఇంజక్షన్ల గదిదాకా వినబడేది. ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి కదిలేదట, ఒక్కోసారి కంప్యూటరు దానంతటదే ఆరిపోయేదట. అన్నం ముందు కూచుని కూడా అదే దిగులు. నేను ఉండబట్టలేక అన్నాను, "ఆ ముందరి అద్దం విప్పేత్తే సరిపోద్ది కదా సార్. మీరే కదా అందరికీ చెప్తారు." ఆయన నాకేసి జాలిగా చూశాడు.

"అందం పోతాదమ్మా."

అంతే. ఊరందరికీ గాలి గురించి చెప్పినవాడు తన దగ్గరకొచ్చేసరికి అద్దం విప్పలేకపోయాడు. ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునే సంగతే.

మా ఆసుపత్రికి దూరంగా కొండమీద ఒక ఊరుంది. జీపు ఆగిన చోటునుంచి వాగు దాటి ఎక్కాలి. ఆ ఊళ్లో టీకా అంటే తలుపులు మూసేవాళ్లు. సూది వేస్తే జ్వరం వస్తుందని వాళ్ల భయం. ఒక్క ఇంటి గడప ఎక్కడానికి నాకు నెలలు పట్టింది. ఆ ఇంటి కోడలు చిన్నపిల్ల, తొలికాన్పు, ఒళ్లో ఆడబిడ్డ. నేను వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల అరుగు మీద కూచుని, వాళ్లు పోసిన చోడంబలి, అదే రాగి అంబలి, తాగి, సూది ఊసెత్తకుండా పసుపు ధర, మిరియాల తీగలు, వాళ్ల అత్త మోకాళ్ల నొప్పులు మాట్లాడి వచ్చేదాన్ని. చివరికి ఒకరోజు ఆ పిల్లే అడిగింది. "తట్టు రాకుండా ఏత్తారంట కదా సిస్టరమ్మా, ఆ సూది మా గుంటకి ఏత్తావేటి?" ఆ రోజు కొండ దిగుతూ నాలో నేనే నవ్వుకున్నాను, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుందురు. ఆ పిల్ల ఒప్పుకుంటే ఆ వీధంతా ఒప్పుకున్నట్టే.

టీకా మందులు చల్లగా ఉండాలి. అందుకని ఐసు ప్యాకులని, నీళ్లు పోసి మూత బిగించిన ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని ఫ్రీజర్లో గడ్డకట్టించి, నీలం డబ్బాలో నాలుగు పక్కలా నిలబెట్టి, మధ్యలో మందు సీసాలు పెడతారు. మా దగ్గర ఆ డబ్బా సర్దే పని ఆయనది. ప్యాకు చెవి దగ్గర ఊపితే లోపల కాసిని నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. మరీ రాయిలా ఉంటే కొన్ని మందులు గడ్డకట్టి పాడవుతాయని అదొక రూలు. ఆ బుధవారం పొద్దున్న ఆయన సర్ది ఇచ్చాడు. నేను ప్యాకు తీసి ఊపాను, నీళ్ల చప్పుడు వచ్చింది. పైనంతా తెల్లగా మంచు పట్టి ఉంది. "బేగి ఎల్లు సిస్టరమ్మా, ఎండెక్కిపోతాది" అన్నాడు.

ఊరు చేరేసరికి తల్లులు ఇంకా కొండపోడులోంచి దిగలేదు. ఎండలోనే వచ్చారు, ఒక్కొక్కరే. ఆ పిల్ల బిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించి, కాటుక దిద్ది తీసుకొచ్చింది. వెనకే అత్త, మోకాళ్లు పట్టుకుంటూ. అత్త రావడమంటే మాటలా? నేను చేతులు కడుక్కుని డబ్బా తెరిచాను. చల్లదనం ముఖానికి తగలలేదు. ప్యాకు పట్టుకుంటే నా చేతికంటే వెచ్చగా ఉంది, నాలుగూ అంతే. మందు సీసా వెచ్చన, మందులో కలిపే నీళ్ల సీసా వెచ్చన. అలాంటివి వాడకూడదు. కలిపి వేస్తే పని చెయ్యదు, పైగా బిడ్డకు ప్రమాదం.

"ఐసు కరిగిపోనాదమ్మా. ఈ యేళ కాదు, వచ్చే వారం ఏత్తాను" అన్నాను.

అత్త అంది. "ఇన్నాళ్లు తిరిగి తిరిగి మాయచేసి, పనులు సెడగొట్టి దింపినావు. ఇప్పుడు నేదంటావా? నీ సూదొద్దు, నువ్వొద్దు." మిగతా తల్లులు అప్పటికే వెనక్కి తిరిగారు.

పొద్దు వాలకముందే ఆసుపత్రికి వచ్చిపడ్డాను. మందుల గదికి తాళం వేసి ఉంది. డబ్బా భుజాన వేసుకునే క్వార్టర్సుకు వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆయన కుర్చీలో ముందుకు వంగి ఆడుతున్నాడు. తెర మీద మంచుకొండలు, మంచు కురుస్తోంది, ఎవడో తుపాకీ పట్టుకుని మంచులో పరిగెడుతున్నాడు. అద్దాల పెట్టె పక్కన, గాలి పీల్చుకునే సందుల దగ్గర, మా ఆసుపత్రి స్టీలు ట్రే ఉంది. ట్రేలో గాజుగుడ్డ కప్పిన ఇంకో జత ఐసు ప్యాకులు. వాటి మీదుగా ఆ పెట్టెకేసి గాలి కొడుతూ ఒక టేబుల్ ఫ్యాను.

నన్ను చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. "రా సిస్టరమ్మా, రా. చెయ్యి పెట్టి చూడు, ఎంత చల్లగా ఉందో! నిన్న సెలవు కదా, కొత్త కార్డు పూర్తిగా పరీక్ష చేశాను. పొద్దుపోయేదాకా ఆడినా ఒక్కసారి ఆగలేదు."

నేను డబ్బా నేలమీద పెట్టి, మూత తీసి, ఒక ప్యాకు ఆయన ఒళ్లో పడేశాను. ఆయన దాన్ని బొటనవేలితో నొక్కాడు. ఆయనకు తెలియనిదేముంది? మా అందరికీ ఈ పని నేర్పిందే ఆయన. తెర మీద వాడిని ఎవరో కాల్చారు, వాడు మంచులో పడిపోయాడు.

"దారిలో ఎండ ఎక్కువుంది కదమ్మా" అన్నాడు. "మూత గట్టిగా పడలేదేమో."

"నిన్న ఇవే ఎట్టినారా సార్ దీనికి?"

"రాత్రి ఫ్రీజర్లో ఎట్టేశాను కదా. పొద్దున్నకి గడ్డకట్టినట్టే ఉన్నాయి..."

పైన మాత్రమే కట్టాయి. లోపలంతా నీళ్లే. రూలు ప్రకారం నీళ్ల చప్పుడు రావాలి కనక, ఆ చప్పుడు విని నేను నమ్మాను. నేను అరిచాను. ఏమన్నానో అంతా రాయను, మా అమ్మ వింటే కొట్టి ఉండేది. ఆయన చేతులు జోడించాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పెద్దమనిషి ఏడుస్తుంటే నాకు జాలేసి ఉండాల్సింది. వెయ్యలేదు. ఏడుస్తూనే, మధ్యలో చెయ్యి చాపి ఆట ఆపాడు. పోగొట్టుకోకుండా, జాగ్రత్తగా, ఎక్కడిదక్కడ దాచుకుని ఆపాడు.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ, "మంచి మనిషమ్మా, ఏదో పొరపాటు. నేను మాట్లాడతాలే, పెద్దది చెయ్యకు" అన్నాడు. డాక్టరుగారి లాప్‌టాప్ బాగుచేసింది కూడా ఈ మంచి మనిషే.

తర్వాత కొన్నాళ్లకు ఆయన నన్ను వెతుక్కుంటూ ఇంజక్షన్ల గదికి వచ్చాడు. ముఖం కడిగినట్టు తేటగా ఉంది. ఏదో పాపం దించుకున్నవాడిలా, "ఇంక ఆ ఐసు ప్యాకులు ముట్టను సిస్టరమ్మా, ఒట్టు. విశాఖపట్నం నుంచి నీళ్ల కూలర్ తెప్పించాను. గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ వేడి లాక్కుపోతాయి. ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నాడు. ఆయన నిజంగానే పశ్చాత్తాపపడ్డాడు. ఆ పశ్చాత్తాపంతో తన కంప్యూటరుకి ఇంకో భాగం కొన్నాడు. అప్పుడు కూడా ముందరి అద్దం విప్పలేదు.

మళ్లీ బుధవారం సరిగ్గా గడ్డకట్టిన ప్యాకులతో ఆ ఊరు ఎక్కాను. ఆ మరుసటి బుధవారం కూడా. ఆ పిల్ల నన్ను చూసి బిడ్డను చంకనేసుకుని పోడులోకి వెళ్లిపోయేది. వానలు పడకముందే ఆ వీధిలో తట్టు వచ్చింది. చాలామంది పిల్లలు లేచి తిరిగారు. ఆ బిడ్డ లేవలేదు. జ్వరం ఎక్కువై, ఊపిరితిత్తులకు పాకి, డోలీ కట్టి వాగు దాటిస్తుండగానే పోయింది. ఆసుపత్రిలో ఆయనకు నేనే చెప్పాను. "అయ్యో" అన్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదని అందరూ చెప్పుకున్నారు. ఎంత సున్నిత మనసో అని కూడా చెప్పుకున్నారు.

ఈ బుధవారం ఆ ఊరికే వెళ్లాను. ఆ పిల్లకు ఇప్పుడు మళ్లీ బిడ్డ, మగబిడ్డ. అక్కడి తల్లులకు ఇప్పుడొక అలవాటుంది. నేను డబ్బా తెరవగానే ఒక్కొక్కరూ వచ్చి ప్యాకు మీద చెయ్యి వేసి, చల్లదనం చూసుకున్నాకే బిడ్డను ఇస్తారు. నామీద నమ్మకం లేక. ఆ రోజు నీళ్లు మోసుకొచ్చింది నేను కదా, వాళ్లకు తెలిసింది అంతవరకే. ఇన్నేళ్లూ అసలు సంగతి నేను చెప్పలేదు. కంప్యూటరు గురించి, అద్దం గురించి ఏమని చెప్పను?

ఆయన పోయాడు కదా, ఇప్పుడైనా చెప్పాలనిపించింది. ఆ పిల్ల ప్యాకు మీద చెయ్యి వేసి చూస్తుండగా చెప్పాను. "ఆ యేళ ఐసు కరిగించింది నేను కాదమ్మా. మా మందులాయన. ఆటలాడే డబ్బా ఒకటుండేది ఆయనకి. అది ఏడెక్కిపోతాదని ఈ ప్యాకులు దానికి ఎట్టుకున్నాడు. మొన్న సచ్చిపోనాడు."

ఆ పిల్ల ప్యాకు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఏడవలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ఆలోచించి ఆలోచించి అడిగింది.

"డబ్బాకి ఏడెక్కిందని ఇంత మంచుగడ్డ ఎట్టినాడా సిస్టరమ్మా? మరి మా గుంట ఒల్లు కాలిపోతన్నపుడు, ఒక్క ముక్క అంపినాడు కాదేటి?"

ఆ పిల్ల బిడ్డను నా ఒళ్లో పడుకోబెట్టి, వాడి తొడ కదలకుండా తనే పట్టుకుంది. నేను సూది వేశాను.